కట్టెల పొయ్యి రుచి తినేవాళ్లకే

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే హైవే మీద ఈ మధ్య ఏ హోటల్ బోర్డు చూసినా "కట్టెల పొయ్యి మీద వండిన నాటుకోడి", "కట్టెల పొయ్యి పులావ్" అని రాసి ఉంటోంది. పెళ్లిళ్లలో క్యాటరింగ్ వాళ్లు కూడా దీన్నొక స్పెషల్‌గా చెప్తున్నారు, ప్లేటుకు కొంత ఎక్కువ వేసుకుని మరీ. ఇక ఇన్‌స్టాగ్రామ్ సంగతి చెప్పక్కర్లేదు. అలికి ముగ్గు పెట్టిన మట్టి పొయ్యి, తళతళలాడే ఇత్తడి గిన్నె, పట్టుచీర కట్టుకున్న అమ్మాయి, పొగన్నదే లేకుండా వెలిగే మంట. గిన్నెకు మసి లేదంటేనే తెలిసిపోతుంది, ఆ పొయ్యి వీడియో తీసినంతసేపే వెలిగిందని.

రుచి ఉండదని నేననను. కట్టెల మంట మీద ఉడికిన పప్పుకి ఒక వాసన వస్తుంది, నాకూ ఇష్టమే. కట్టెలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, అది వేడికి విరిగినప్పుడు గ్వయకాల్ లాంటివి పుడతాయి, ఆ వాసన వాటిదే. అంటే మనం మెచ్చుకునేది పొగనే. అందులో రవ్వంత కూరకి అంటుకుంటుంది, మిగతాది పొయ్యి ముందు కూర్చున్న మనిషి ముక్కులోకి పోతుంది. రుచి తినేవాళ్లది, పొగ వండేవాళ్లది. కాల్చడం అనే పని ఎక్కడ జరిగినా, అది వంటిల్లైనా కరెంటు ఫ్యాక్టరీ అయినా, లెక్క దాదాపు ఇలాగే ఉంటుందని నా గోల. ఇదంతా రాస్తున్నది అందుకే.

మా పెద్దమ్మది బెజవాడకి దగ్గర్లోనే ఒక పల్లెటూరు. డెబ్బై దాటింది. గ్యాసు ఉంది, మిక్సీ ఉంది, ఫ్రిజ్ ఉంది, అయినా వసారా చివర కట్టెల పొయ్యి రోజూ వెలుగుతుంది. ఆవిడ పొయ్యి ఊదడం మీరోసారి చూడాలి. గొట్టం నోట్లో పెట్టుకుని బలంగా ఊదుతుంది, వెంటనే మొహం పక్కకి తిప్పేసుకుని అటువైపు గాలి పీలుస్తుంది, మళ్లీ తిరిగి ఊదుతుంది. ఎవరూ నేర్పింది కాదు, పొగే నేర్పింది. గిన్నె పొయ్యి మీద పెట్టే ముందు దాని అడుగున తడి బూడిద మెత్తుతుంది, తోమేటప్పుడు మసి తేలిగ్గా వదలాలని. గిన్నెకైతే ఆ జాగ్రత్త ఉంది. పొయ్యి పైనున్న దూలం చూస్తే నల్లగా, నిగనిగలాడుతూ, వేలు పెడితే జిగటగా తగులుతుంది. అది ఉట్టి మసి కాదు, తారు. దూలానికి ఏళ్ల తరబడి పట్టినది మనిషి లోపల పట్టకుండా ఎటు పోతుంది?

కట్టె నేరుగా మండదు. వేడి తగిలాక దాని లోపలి నుంచి గ్యాసులు బయటికొస్తాయి, మనకి మంటలా కనబడేది ఆ గ్యాసులు గాలితో కలిసి మండడమే. వేడి చాలకపోయినా గాలి సరిగ్గా ఆడకపోయినా ఆ గ్యాసులు మండకుండానే జారుకుంటాయి. పొగంటే అదే, కాలకుండా తప్పించుకుపోయిన ఇంధనం. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో సగం బరువు దాకా నీళ్లే ఉంటాయి, మంటలో ఉన్న వేడి కాస్తా ఆ నీళ్లని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది, అందుకే వానాకాలం పొయ్యి దగ్గర ఏడుపొక్కటే తక్కువ. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, బెంజీన్ ఉంటుంది, ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, సిగరెట్ పొగలో ఉండే బెంజోపైరీన్ కూడా ఉంటుంది. వీటన్నిటితో పాటు సన్నటి నుసి. 2.5 మైక్రాన్ల కంటే చిన్నది, అంటే వెంట్రుక మందంలో పాతికో వంతో ముప్ఫయ్యో వంతో. ముక్కులో వెంట్రుకలకి చిక్కదు, గొంతులో కఫానికి చిక్కదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది, అందులో మరీ సన్నటిది రక్తంలోకి కూడా దిగుతుంది. పీఎం 2.5 అని వార్తల్లో చలికాలం రాగానే మోగిపోయేది దీని గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు ప్రకారం ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఈ నుసి 5 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశం పెట్టుకున్న హద్దు 40. కట్టెల పొయ్యి వెలిగించిన వంటింట్లో, వంట జరుగుతున్నంతసేపూ, ఇది వందల్లో ఉంటుంది, గాలాడని గదైతే వెయ్యి కూడా దాటుతుంది. ఢిల్లీలో ఆ అంకె వస్తే టీవీల్లో ఎర్రటి అక్షరాలు పరిగెడతాయి, స్కూళ్లకి సెలవులిస్తారు. వంటింటికి ఏ హెచ్చరికా ఉండదు. దీన్ని మన దేశంలో మొదట్లోనే కొలిచినవాళ్లలో కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒకరు. 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ల ఒంటికే కొలిచే పరికరాలు తగిలించి చూశాడు. అప్పటిదాకా గాలి కాలుష్యం అంటే నగరాల సమస్య, ఫ్యాక్టరీల సమస్య. ఎవరు ఎంత పీలుస్తున్నారో చూడాలి గానీ చిమ్నీ ఎంత వదిలిందో ఒక్కటే చూస్తే లాభం లేదన్నది ఆయన జీవితాంతం పట్టుకున్న పాయింటు.

ఇంతవరకు చెప్పగానే ఎవరో ఒకరు "మా నాయనమ్మ కట్టెల పొయ్యి మీదే వండి తొంభై ఏళ్లు బతికింది" అంటారు. బతికింది, సంతోషం. తొంభై దాకా బతకనివాళ్లు వచ్చి కామెంట్ పెట్టలేరు కదా. మన ఊళ్లలో బీడీ, చుట్ట ఎప్పుడూ ముట్టని ముసలమ్మలకి ఆ ఆయాసం, ఆ పిల్లికూతలు ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరైనా అడిగారా? "వయసు మీద పడింది" అనుకుని ఊరుకున్నారు. సీవోపీడీ అని డాక్టర్లు అంటారే, ఊపిరితిత్తులు నెమ్మదిగా బిగుసుకుపోయే జబ్బు, సిగరెట్ అలవాటు లేని ఆడవాళ్లలో దానికి పెద్ద కారణాల్లో పొయ్యి పొగ ఒకటి. శుక్లాలు కూడా తొందరగా వస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఇంటి పొయ్యిల పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

"కట్టె సహజమైనది, గ్యాసు కెమికల్" అనే వాదన ఇంకొకటి ఉంది, అది వింటే నాకు నిజంగా చిరాకు. ఊపిరితిత్తికి సహజం, అసహజం తెలియదు. ఇంట్లో కట్టెల లాంటి బయోమాస్ పొగని క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగా ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లోనే పెట్టింది. గ్యాసు పెట్రోలియం నుంచి వచ్చేదే, కాదనను, కానీ అది పొయ్యిలో గాలితో బాగా కలిసి నీలం రంగులో పూర్తిగా మండిపోతుంది, జారుకోడానికి దాదాపు ఏమీ మిగలదు. నేల మీద కాళ్లు పెట్టి మాట్లాడితే, వంటింటి వరకు పెట్రోలియమే మేలు.

మరి సిలిండర్ మూలన ఉండగా పెద్దమ్మ కట్టెలెందుకు కాలుస్తుంది? ఒకసారి అడిగాను. "గ్యాసు మీ అందరూ వచ్చినప్పుడు పనికొస్తదిరా, ఒక్కదానికి ఎందుకు తగలేయడం" అంది. ఇంత పెద్ద సమాధానం ఏ సర్వేలోనూ దొరకదు. కట్టె ఊరికే వస్తుంది, చేలో పత్తి కట్టె ఉంది, గట్టున సర్కారు తుమ్మ ఉంది, కొబ్బరి మట్టలున్నాయి. సిలిండర్ కావాలంటే ఒకేసారి తొమ్మిది వందలకి అటూ ఇటూగా చేతిలో ఉండాలి. ఆంధ్రలో 1999లోనే దీపం పథకం వచ్చింది, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చింది, ఇప్పటికి పది కోట్ల పైన కనెక్షన్లిచ్చారు. ఇది చిన్న విషయమని నేననుకోవడం లేదు, ఈ దేశంలో ఆడవాళ్ల కోసం జరిగిన పెద్ద పనుల్లో ఇదొకటి. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో శుభ్రమైన ఇంధనంతో వండే ఇళ్లు 43.8 శాతం, 2019-21 నాటికి 58.6 శాతం. తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ సగటు కంటే చాలా ముందున్నాయి. కానీ ఆ సర్వే అడిగే ప్రశ్న, ఇంట్లో వంటకి ముఖ్యంగా ఏది వాడతారని. పెద్దమ్మని అడిగితే గ్యాసనే చెప్తుంది. తెల్లారగట్ల నీళ్ల పొయ్యి, బర్రెలకి ఉడకేసే దాణా, పండక్కి అరిసెల పాకం, ఇవేవీ ఆ జవాబులో ఉండవు. మామూలు కుటుంబం పూర్తిగా గ్యాసు మీద వండుకుంటే ఏడాదికి ఏడెనిమిది సిలిండర్లు పడతాయి, ఉజ్వల ఇళ్లలో సగటున నిండేవి నాలుగు, నాలుగున్నర. మిగతా సగం వంట ఎక్కడ అవుతోందో వేరే చెప్పాలా?

ఇక్కడ నా వాదనకి అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాచిపెట్టడం ఇష్టం లేదు. భారత్ (మన పక్కనే తమిళనాడులో), గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాల్లో 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. సగం మందికి గ్యాసు పొయ్యి, గ్యాసు ఉచితంగా ఇచ్చారు, సగం మంది మామూలుగా కట్టెల మీదే వండుకున్నారు. కట్టెల మీద వండినవాళ్లు పీల్చిన నుసి 70 మైక్రోగ్రాములైతే, గ్యాసు వాడినవాళ్లది 24. కానీ 2022లో ఫలితాలు వచ్చేసరికి, పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చూసి "అయితే పొగ వల్ల నష్టమేం లేదన్నమాట" అని ఎగిరి గంతేసినవాళ్లున్నారు. ప్రయోగం నెలల మీద జరిగింది, ఊపిరితిత్తుల జబ్బు దశాబ్దాల మీద వస్తుంది, కాబట్టి ఒక తూకంతో ఇంకో జబ్బుని కొలవలేం. అంతకన్నా నాకు ఆసక్తిగా అనిపించేది ఆ 24 అనే అంకె. పొయ్యి మారినా అది 5 దగ్గరకి రాలేదు. ఎందుకంటే పక్కింటి పొయ్యి మారలేదు, ఊరి చివర గడ్డి కాలుతూనే ఉంది, రోడ్డు మీద లారీ పోతూనే ఉంది.

వంటింటి పొగ వంటింట్లోనే ఉండిపోదు మరి. సందుల్లోంచి, పెంకుల్లోంచి బయటికొచ్చి ఊరి మీద పరుచుకుంటుంది. చలికాలం పొద్దున్నే ఊళ్లోకి పోతే కొబ్బరిచెట్ల మధ్యలో ఒక నీలంపాటి తెర కదలకుండా నిలబడి ఉంటుంది, దాన్ని చాలామంది మంచు అనుకుని ఫొటోలు తీసుకుంటారు. రాత్రి నేల చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చటిగాలి ఉండిపోతే పైకి పోయే దారి మూసుకుపోయి పొగంతా మనుషుల ఎత్తులోనే ఆగిపోతుంది. ఐఐటీ బొంబాయి భాగస్వామిగా 2018లో వచ్చిన ఒక అధ్యయనం, బయటి గాలిలో నుసి వల్ల 2015లో దేశంలో జరిగిన మరణాలని మూలాల వారీగా విడగొట్టి చూసింది. అన్నిటికంటే పెద్ద వాటా ఇళ్లలో కాల్చే కట్టె, పిడకలది, దాదాపు 2.68 లక్షల మరణాలు. ఫ్యాక్టరీలు, థర్మల్ కేంద్రాలు కలిపి బొగ్గుది 1.69 లక్షలు. పొలాల్లో మంటలది 66 వేలు. రోడ్డు మీద వాహనాలది 23 వేల పైచిలుకు. గమనించండి, ఇది ఇంటి లోపల పీల్చినది కాదు, ఇంట్లోంచి బయటికి పోయి అందరూ పీల్చినది.

సరే, వాళ్లని కట్టెలు మానమంటున్నావు, నువ్వేం కాలుస్తున్నావు అని అడిగే హక్కు పెద్దమ్మకి ఉంది. నేనుండేది బెజవాడ అపార్ట్‌మెంట్‌లో, సగం వంట ఇండక్షన్ మీద. ఒక్క పిసరు పొగ రాదు. కానీ ఇబ్రహీంపట్నం దాకా వెళ్తే ఆ పొగ ఎక్కడుందో కనబడుతుంది. అందరూ వీటీపీఎస్ అనే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 1979 నుంచి బొగ్గు కాలుస్తోంది, ఇప్పుడు దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు. సింగరేణి నుంచీ ఒడిశాలో తాల్చేరు నుంచీ వ్యాగన్లలో బొగ్గు వస్తుంది. మన బొగ్గులో గంధకం తక్కువే, బూడిద మాత్రం మూడో వంతు దాటుతుంది. వెయ్యి మెగావాట్ల కేంద్రం ఏడాదికి సుమారు 50 లక్షల టన్నుల బొగ్గు తింటుందనుకుంటే పదిహేడు లక్షల టన్నుల బూడిద మిగులుతుంది. చిమ్నీలోంచి పోయేదాన్ని చాలా మటుకు ఈఎస్పీ అనే యంత్రాలు కరెంటు చార్జితో పట్టేస్తాయి, పట్టిన బూడిద చెరువులకి, ఇటుకలకి, సిమెంటుకి పోతుంది. లారీ మీద పట్టా సరిగ్గా కట్టకపోయినా, వేసవిలో చెరువు ఎండినా, గాలి రేగిందంటే ఆ బూడిద ఎవరి ఇంటి మీద పడాలో వాళ్ల ఇంటి మీదే పడుతుంది. పొమ్మనలేక పొగబెట్టినట్టు అంటారే, థర్మల్ కేంద్రాల పక్క ఊళ్ల పరిస్థితి ఎక్కడైనా అచ్చం అదే.

కనబడే బూడిద కంటే కనబడనిది ఎక్కువ దూరం పోతుంది. బొగ్గులో గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, అది గాలిలో రోజుల తరబడి తిరుగుతూ, యూరియా చల్లిన పొలాల నుంచీ పేడ దిబ్బల నుంచీ వచ్చే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ అయి కూర్చుంటుంది. అదీ పీఎం 2.5నే. చిమ్నీ దగ్గర పుట్టలేదు కాబట్టి అక్కడి లెక్కలో ఉండదు, వందల కిలోమీటర్ల అవతల ఎవరి ఊపిరిలోనో తేలుతుంది. దీన్ని ఆపడానికి ఎఫ్‌జీడీ అనే ఏర్పాటుంది, సున్నపురాయి నీళ్లతో పొగని కడిగితే జిప్సం మిగులుతుంది. కొత్త సంగతేమీ కాదు. మన కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబర్‌లో ప్రమాణాలు పెట్టింది, రెండేళ్లలో పూర్తి చెయ్యమంది. తర్వాత గడువు పెంచింది. మళ్లీ పెంచింది. చివరికి 2025 జులైలో దేశంలోని థర్మల్ యూనిట్లలో దాదాపు 78 శాతానికి ఈ పని అవసరమే లేదని తేల్చేసింది. మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ హద్దులోనే ఉంది, మెగావాటుకి కోటి అటూ ఇటూగా ఖర్చు పెట్టడం దండగ అని వాదన. సల్ఫర్ డయాక్సైడ్ హద్దులో ఉందన్నది నిజమే కావచ్చు, అది నుసిగా మారాక ఎవరు లెక్కేస్తున్నారన్నదే నా ప్రశ్న. తక్కువ గంధకమైనా కోట్ల టన్నులు కాలిస్తే తక్కువెలా అవుతుంది?

నన్ను ఎక్కువ గుచ్చింది ఆ ఆదేశంలోని ఒక షరతు. తప్పనిసరిగా పెట్టాల్సింది ఎక్కడంటే, ఢిల్లీ ప్రాంతానికి గానీ పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ 10 కిలోమీటర్ల లోపున్న కేంద్రాలకి. అంటే చిమ్నీ కింద పల్లెటూళ్లుంటే ఫరవాలేదు. 275 మీటర్ల చిమ్నీ నుంచి వచ్చిన పొగ పది కిలోమీటర్ల గీత దగ్గర బుద్ధిగా ఆగిపోతుందని ఎవరనుకున్నారో!

చెయ్యాలనుకుంటే చెయ్యలేరా అంటే, వాహనాల విషయంలో చేశారు. బండ్ల పొగకి హద్దులు పెట్టే బీఎస్ ప్రమాణాల్లో, 2016లో నిర్ణయం తీసుకుని, మధ్యలో బీఎస్-5ని పూర్తిగా దాటేసి, 2020 ఏప్రిల్ 1కల్లా దేశమంతా బీఎస్-6కి వచ్చేశారు. పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దిగింది. కంపెనీలు మొత్తుకున్నాయి, అయినా తేదీ కదల్లేదు. నగరంలో కారున్నవాడు పీల్చే గాలి కదా. (డీజిల్ జనరేటర్ల గురించి, భోగి మంటల్లో టైర్లు పడేసే మహానుభావుల గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి. పిడకలు, పాత చెక్కలు వేసుకోండి, కాదనను, టైరు ఏ శాస్త్రంలో ఉందో మాత్రం చెప్పండి.)

ఇండక్షన్ పొయ్యికీ కట్టెల పొయ్యికీ తేడా లేదని, ఎక్కడ కాలినా ఒకటేనని నేను చెప్పడం లేదు. కిలో కట్టె ముక్కు ముందు కాలితే అందులోంచి మనిషి లోపలికి పోయే వాటా, ఎత్తైన చిమ్నీలోంచి వడగట్టి వదిలినదానితో పోలిస్తే ఎన్నో వందల రెట్లు ఎక్కువ. అందుకే వరస పెట్టమంటే ముందు వంటింటినే పెడతాను. అయితే పొగని వంటింట్లోంచి తీసుకుపోయి ఇబ్రహీంపట్నం మీద పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు, అక్కడ కడగాల్సింది కడగాలి. కరెంటు బిల్లులో ఆ కడిగే ఖర్చు కనబడితే నాలాంటి వాళ్లు కట్టగలరు. పెద్దమ్మ ఊపిరితిత్తికి బిల్లు వేసేవాళ్లు లేరు కాబట్టే కట్టె ఊరికే వస్తున్నట్టు కనబడుతోంది.

ఉచిత సిలిండర్లు ఏడాదికి మూడని ఆంధ్రలో, ఐదు వందలకే సిలిండరని తెలంగాణలో, రెండు చోట్లా ఇస్తున్నారు, మంచిదే. ముందు డబ్బు కట్టు, తర్వాత ఖాతాలో పడుతుంది అనే పద్ధతి తీసేస్తే ఇంకా మంచిది, ఆ తొమ్మిది వందలు చేతిలో లేకపోవడమే కదా అసలు సమస్య. అంతకంటే ముందు నేను అడిగేది చాలా చిన్నది. మన ఊళ్లలో బోలెడు ప్రభుత్వ బళ్లలో మధ్యాహ్న భోజనం ఇప్పటికీ కట్టెల మీదే ఉడుకుతోంది. రేకుల షెడ్డో చెట్టు కిందో, మూడు రాళ్లు, పెద్ద డేగిసా, వంద మంది పిల్లలకి సరిపడా అన్నం. ఆంధ్రలో ఆ వంట చేసే ఆడవాళ్లకి నెలకి ఇచ్చేది మూడు వేలు. బిల్లులు నెలల తరబడి ఆలస్యమవుతాయి, గ్యాసు వాడితే చేతిలోంచి పెట్టుకోవాలి, కాబట్టి కట్టెలు. పక్క గదిలో టీచరు పిల్లలకి వాయు కాలుష్యం పాఠం చెప్తుంటే కిటికీలోంచి ఆ పొగ లోపలికొస్తుంది. ప్రభుత్వమే పెట్టే వంట, ప్రభుత్వమే కట్టిన షెడ్డు, ఇక్కడ ఎవరి అలవాట్లనీ మార్చక్కర్లేదు, ఎవరికీ అవగాహన సదస్సులు పెట్టక్కర్లేదు. గ్యాసు డబ్బు వంటావిడ చేతి మీదుగా కాకుండా నేరుగా ఏజెన్సీకి వెళ్లేలా చేస్తే సరి, సిలిండర్ల బండి ఎలాగూ ఆ బడి ముందు నుంచే పోతోంది.